కత్తి అలుగు నున్నగా చేసుకోవాలంటే: చేతి పేపరా, రాయా, డ్రిల్లా, గ్రైండరా?

అటక మీద నుంచి దింపిన పాత కూరగాయల కత్తి కావచ్చు, కమ్మరి దగ్గర లారీ కట్ట (లారీ కింద స్ప్రింగులా ఉండే ఉక్కు పట్టీ) ముక్కతో కొట్టించుకున్న కొత్తది కావచ్చు, చేతిలోకి తీసుకున్నాక అందరికీ వచ్చే ప్రశ్న ఒకటే. ఈ తుప్పు, ఈ గీతలు పోయి అలుగు, అంటే పిడి పోగా మిగిలిన ఉక్కు భాగం, నున్నగా రావాలంటే ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? హార్డ్‌వేర్ షాపులో అడిగితే గ్రైండర్‌కి బిగించే డిస్క్ చేతిలో పెడతారు. యూట్యూబ్‌లో చూస్తే జపాన్ సానరాళ్ళు చూపిస్తారు. పక్కింటాయనేమో పాత్రలకు పాలిష్ పట్టేవాళ్ళకిస్తే పది నిమిషాల పనంటాడు.

నేను ఉండేది నెల్లూరు జిల్లా కావలిలో. కొన్నేళ్ళుగా ఖాళీ సాయంత్రాలన్నీ ఈ పనికే పోతున్నాయి, పైన చెప్పిన దారులన్నీ ఒక్కోసారి పట్టి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మొదటి రెండు మూడు కత్తులకు చేత్తో వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) రుద్దడమే సరైన దారి, 400 నంబరు దగ్గర ఆగడమే సరైన చోటు. పేపర్ మీద నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. ఇది అందరికీ సరిపోదు, ఎవరికి ఎందుకు సరిపోదో కూడా చెప్తాను. ఇంకొక మాట, ఇక్కడ మాట్లాడేది అలుగు రెండు పక్కల గురించి, పదును గురించి కాదు. సాన పట్టడం వేరే పని, ఈ పనంతా అయ్యాకే అది.

## ముందు కత్తిని చూడండి, సామాను తర్వాత

లైటు నేరుగా పైనుంచి పడితే ఏ కత్తయినా బాగానే కనిపిస్తుంది. రాత్రిపూట గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్‌ను అలుగుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. అప్పుడు ఒక్కో గీతా కాలవలా కనిపిస్తుంది. ఆ గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తగులుకుంటే 120 నంబరు నుంచి మొదలుపెట్టాలి, తుప్పు గుంటలుంటే 80 నుంచి. గోరుకు తెలియకుండా కంటికి మాత్రమే కనిపిస్తే 220తో మొదలుపెట్టినా చాలు. ఏ దారి ఎంచుకోవాలో సగం ఇక్కడే తేలిపోతుంది, ఎందుకంటే లోతు గుంటలున్న కత్తిని చేత్తో చెయ్యడానికీ పైపైన మచ్చలున్న కత్తిని చెయ్యడానికీ మధ్య గంటల తేడా ఉంటుంది.

నంబర్ల లెక్క కొంచెం తెలిసుంటే మంచిది. నంబరు ముందు పీ అక్షరం ఉన్న పేపర్లలో 120 మీద గరుకు గింజ సుమారు 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 400 మీద 35, 1000 మీద 18, 2000 మీద 10. ఇప్పుడు ఆలోచించండి, 120 చేసిన గీతను 1000తో తీద్దామని కూర్చుంటే ఏం జరుగుతుంది? గీతకు అటూఇటూ ఉన్న గట్లు మెరుస్తాయి, గీత అడుగు అలాగే ఉంటుంది, పైగా చుట్టూ మెరుపు వచ్చేసరికి ముందుకంటే ఎక్కువ కనిపిస్తుంది.

రెండోది వేడి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కత్తిని కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాక, పెళుసుతనం పోవడానికి మళ్ళీ తక్కువ వేడిలో ఉంచుతారు, వంటింటి కత్తులకు మామూలుగా 200 డిగ్రీలకు అటూఇటూ. ఆ తర్వాత ఎప్పుడైనా అలుగు అంతకు మించి వేడెక్కితే గట్టిదనం దిగిపోతుంది. ఉక్కు తనే రంగుతో చెప్తుంది: 220, 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు వస్తుంది, 300 దగ్గరికి వస్తే నీలం. అంచు కాగితంలా పలచగా ఉంటుంది కాబట్టి మిషన్ మీద ఆ నీలం రావడానికి రెండు మూడు క్షణాలు చాలు. ఆ నీలాన్ని పాలిష్‌తో తుడిచెయ్యొచ్చు, పోయిన గట్టిదనం మాత్రం తిరిగి రాదు. మళ్ళీ కొలిమిలో పెట్టాల్సిందే.

ఇక మూలలు. వెన్ను అంచులు, పక్క భాగం నుంచి పదును వైపు వాలు మొదలయ్యే చోట ఉండే గీత, కమ్మరి కొట్టిన గుర్తు, ఇవన్నీ స్పష్టంగా ఉంటేనే కత్తి కత్తిలా కనిపిస్తుంది. మెత్తటి చక్రం ఏదైనా వాటిని సబ్బు అరిగినట్టు అరగదీస్తుంది. మిగిలినవి మీ ఇంటి సంగతులు: సముద్రానికి ఎంత దగ్గరున్నారు, ఆ కత్తితో ఏం కోస్తారు, పక్క ఫ్లాటువాళ్ళు ఎంత ఓర్పు ఉన్నవాళ్ళు.

## చేత్తో వాటర్ పేపర్

కావాల్సింది 120, 220, 320, 400 నంబర్లు, ఒక్కోటి రెండు మూడు షీట్లు. షీటు తొమ్మిదంగుళాలు పదకొండంగుళాలు ఉంటుంది, ఇరవై రూపాయలకు అటూఇటూ. నల్లటి వాటర్ పేపరే అడగండి. చెక్కకు వాడే మామూలు గరుకు కాగితం నీళ్ళు తగలగానే పీచుపీచుగా ఊడిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో పెద్ద నంబర్లు దొరక్కపోతే కార్లకు రంగులేసే షెడ్లవాళ్ళు ఎక్కడ కొంటారో అక్కడ దొరుకుతాయి, వాళ్ళకు 1000, 2000 రోజూ కావాలి.

కత్తిని చేత్తో పట్టుకుని రుద్దకండి. అలుగు పొడవు, వెడల్పు ఉన్న చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, దాని మీద కత్తిని పడుకోబెట్టి పిడి దగ్గర ఇంకో క్లాంపు వెయ్యండి. మొన చెక్క బయటికి రాకూడదు. మొన అరంగుళం బయటికి వదిలి పని చేస్తే, పేపర్ జారినప్పుడు అరచెయ్యి సూటిగా దాని మీదికే వెళ్తుంది. కొత్త కత్తయితే పదును పెట్టకముందే ఈ పని చెయ్యాలి. పాతదైతే అంచును ముందు రాయి మీద నిలబెట్టి మొద్దు చేసి, దాని మీద మాస్కింగ్ టేపు వెయ్యండి.

పేపర్ వెనక వేలు పెట్టి రుద్దితే వేలు ఉన్నచోట పల్లం పడుతుంది, అలుగు మీద వెలుగు అలలు అలలుగా కనిపిస్తుంది. వెనక గట్టిది, చదునైనది ఉండాలి. నేను వాడేది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క, నల్లటి రాయిలో బంగారు చుక్కలుంటాయే, అదే. ఒంగోలు వెళ్ళినప్పుడు ఒక పాలిష్ యూనిట్‌లో అడిగితే అరచేతంత పట్టీ ఇచ్చారు. మెరిసే పక్క చదునుకు లోటే లేదు. ఆ రోజు అక్కడ పలకలకు పాలిష్ పట్టడం చూశాను, వరసగా తలలు తిరుగుతుంటాయి, మొదటిది బాగా గరుకు, తర్వాతది కొంచెం సన్నం, అలా చివరికి అద్దం. మనం కత్తికి చేసేదీ అచ్చం అదే. చిన్న పట్టీ దొరక్కపోతే ఒకంగుళం వెడల్పున్న ఇనుప బద్ద ముక్క చాలు.

రుద్దడంలో ఒకటే నియమం, ప్రతి నంబరుకూ దిక్కు మార్చాలి. 120ని ఎడమవైపు వాలుగా రుద్దితే 220ని కుడివైపు వాలుగా. అప్పుడు పాత గీత ఒక్కటి మిగిలినా అడ్డంగా కనిపించి పట్టిస్తుంది. పాత దిక్కు గీత ఒక్కటి కూడా లేదని టార్చ్ వేసి చూసుకున్నాకే తర్వాతి నంబరు. మొదటి నంబరుకు ముందు అలుగంతా మార్కర్ పెన్నుతో నల్లగా పూసి పదిసార్లు రుద్ది చూడండి, ఎక్కడ రంగు పోలేదో అక్కడ పల్లం ఉన్నట్టు. మొత్తం సమయంలో సగానికి పైగా ఈ మొదటి నంబరుకే పోతుంది, పోవాలి కూడా. 320, 400 ఒక్కోటి ఇరవై నిమిషాల్లో అయిపోతాయి.

నా మొదటి కత్తికి నేను 120 నుంచి నేరుగా 600కి వెళ్ళాను. రెండు రాత్రులు కూర్చున్నా, ట్యూబ్‌లైటు కింద చక్కగా మెరుస్తోంది. మూడోరోజు పొద్దున వరండాలో ఏటవాలు ఎండలో పట్టుకుని చూస్తే మెరుపు కింద 120 గీతలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. మళ్ళీ 120 దగ్గర మొదలుపెట్టడం తప్ప వేరే దారి లేదు. చివరి పేపర్ ఎంత సన్నదైనా, కత్తి అందం తేలేది మొదటి పేపర్ దగ్గరే అని ఆ పొద్దున అర్థమైంది.

నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసుకుని తడుపుతూ రుద్దండి, అరిగిన పొడి బయటికి వచ్చేస్తుంది. తుప్పు పట్టే ఉక్కయితే నీళ్ళ బదులు కిరోసిన్ గానీ కుట్టుమిషన్ నూనె గానీ మేలు. పేపర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ముక్క నాలుగైదు నిమిషాలు కోస్తుంది, ఆ తర్వాత ఊరికే జారుతుంది, చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. గరగర శబ్దం తగ్గిందంటే ముక్క మార్చండి.

చివరి నంబరు దగ్గర ముందుకూ వెనక్కూ రుద్దితే ప్రతి గీతా చివర్లో గాలంలా వంగుతుంది. వెనక్కి తిప్పేచోట ఊడిన గింజ దొర్లడం వల్ల వచ్చేది అది, ఎంత ఓపిగ్గా చేసినా ఆ వంకర్లు ఉంటే పని పచ్చిగా కనిపిస్తుంది. అందుకని చివరికి కొత్త ముక్క తీసుకుని, దాని వెనక పాత సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టి, పిడి దగ్గర ఆనించి మొన దాకా ఒకే లాగు. ఎత్తాలి, మళ్ళీ పిడి దగ్గర నుంచే. పక్కకు ఇరవై ముప్పై లాగులు. ఆ చివరి పది నిమిషాల్లో గీతలన్నీ ఒకే దిక్కుకు తిరిగి, అలుగు మీద వెలుగు పట్టుచీర మీద కదిలినట్టు కదులుతుంది. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే.

ఆరంగుళాల అలుగుకు 120 నుంచి 400 దాకా రెండు పక్కలా నాకు మూడు గంటలు పడుతుంది, మొదట్లో అంతకు రెట్టింపు పట్టేది. కష్టాలు లేవని కాదు. వేళ్ళ కణుపులు పట్టేస్తాయి. డీ2 లాంటి క్రోమియం ఎక్కువున్న గట్టి ఉక్కు అయితే ఎంత రుద్దినా తరిగినట్టే ఉండదు. కానీ చేత్తో రుద్దితే అలుగు ఎప్పటికీ నీలం తిరగదు, తప్పు జరిగినా ఒక పేపర్ వెనక్కి వెళ్తే సరిపోతుంది. మిగిలిన దారుల్లో ఈ వెసులుబాటు లేదు.

## రాళ్ళు

సానరాయి పదునుకు రాజు, అలుగు పక్కలకు కాదు. కారణం సులువు: రాయి చదునుగా ఉంటుంది, అలుగు పక్క చూడ్డానికి చదునుగా ఉన్నా నిజానికి ఉండదు, ఎత్తున్నచోట మాత్రమే రాయి తగులుతుంది. ఎత్తు పల్లాలు ఒకటయ్యేదాకా రాయి మీద లాగాలంటే కత్తి సగం కరిగిపోతుంది. పదును వైపు వాలు వెడల్పుగా, చదునుగా ఉండే కత్తులకు మాత్రం రాయి చాలా శుభ్రంగా పని చేస్తుంది. మంచి రాళ్ళ జత కొనాలంటే వేలల్లో పడుతుంది. మామూలు షాపుల్లో దొరికే రెండు పక్కల కార్బొరండం రాయి చవక, కానీ పక్కలకు వాడితే లోతు గీతలు పెడుతుంది.

మార్కాపురం పలక ముక్క మీద కూడా నీళ్ళేసి రుద్ది చూశాను, రాయి అంత సన్నగా ఉంటుంది కదా అని. పదును పెట్టాక అంచును చివరిగా నునుపు చెయ్యడానికి పనికొస్తుంది, అదీ చాలా నెమ్మదిగా. అలుగు పక్కల మీద అరగంట రుద్దినా చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

## డ్రిల్‌కి బిగించే చక్రాలు

ఇంట్లో డ్రిల్ ఉన్నవాళ్ళకు ఇది ఆశ పెడుతుంది. పేపర్ రెక్కలున్న చక్రం ఒకటి, గుడ్డ చక్రం ఒకటి కొంటే అయిపోతుంది అనిపిస్తుంది. రెక్కల చక్రంతో పై తుప్పు త్వరగా దిగుతుంది, అది నిజం. కానీ చేత్తో పట్టుకున్న డ్రిల్ ఒక్కచోట క్షణం ఎక్కువ ఆగినా అక్కడ పల్లం, ఆ పల్లం తియ్యడానికి మళ్ళీ 120తో అలుగంతా దించాలి. నేను దీన్ని రెండు చోట్ల మాత్రమే వాడతాను, మొదట్లో తుప్పు రాల్చడానికి, చివర్లో అద్దం మెరుపు కావాలంటే పాలిష్ పట్టించడానికి. మధ్యలో పనంతా చెయ్యే.

గుడ్డ చక్రం మెత్తగా కనిపిస్తుంది కాబట్టి భయం వెయ్యదు. భయపడాల్సింది దానికే. తిరిగే చక్రానికి పదును అంచు ఎదురుపడితే గుడ్డ దాన్ని పట్టి లాగి విసిరేస్తుంది, ఎటు విసురుతుందో చెప్పలేం. అంచు ఎప్పుడూ చక్రం తిరిగే దిక్కుకే తిరిగి ఉండాలి, ఎదురు ఉండకూడదు. డ్రిల్‌ను బల్లకు బిగించి కత్తిని రెండు చేతులా పట్టుకోవాలి. తిరిగేదాని దగ్గర చేతిగ్లౌజులు, కండువా, వదులు లుంగీ, వేలాడే చున్నీ ఏవీ ఉండకూడదు, కళ్ళద్దాలు తప్పనిసరి. పక్కన పిల్లలుంటే ఆ రోజుకు ఆ పని వద్దు.

## గ్రైండర్, ఫ్లాప్ డిస్క్

ఫ్లాప్ డిస్క్ అంటే గరుకు పేపర్ రెక్కలు ఒకదాని మీద ఒకటి అంటించిన చక్రం, గ్రైండర్‌కి బిగిస్తారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. లారీ కట్ట ముక్కను కమ్మరి కొట్టిచ్చాక పైన నల్ల పొరలు, సుత్తి గుంటలు ఉంటాయి చూడండి, వాటిని చేత్తో తియ్యాలంటే వారం పడుతుంది, గ్రైండర్‌తో అరగంట. కాబట్టి ఇది చెడ్డ పనిముట్టు కాదు, దాని వేళ వేరు. కాల్చి గట్టిపరచకముందు ఎంత కావాలంటే అంత వాడండి, వేడెక్కినా నష్టం లేదు. గట్టిపరిచాక మాత్రం అంచు దగ్గరికి తీసుకెళ్ళకండి. మా కమ్మరి అయితే గట్టిపరిచిన కత్తి తెచ్చి గ్రైండర్ పట్టానంటే, "రంగు మార్చినావంటే మళ్ళా నా కొలిమికే రావాల అబ్బయా" అంటాడు, ఆ మాటలో తిరుగులేదు.

ఇంకో ఇబ్బంది ఏంటంటే డిస్క్ అంచు ఒక్కసారి గుచ్చుకుంటే అర్ధచంద్రాకారంలో గాడి పడుతుంది. గ్రైండర్ మిగిల్చిన గంటలో ఆ గాడి ముప్పావు తినేస్తుంది. శబ్దం, నిప్పురవ్వలు, ఇనుప పొడి సంగతి చెప్పక్కర్లేదు. ఫ్లాటులో ఉండేవాళ్ళు దీన్ని మర్చిపోవచ్చు.

## పాలిష్ షాపుకివ్వడం

స్టీలు పాత్రలకు పాలిష్ పట్టేవాళ్ళకిస్తే నిజంగానే పది నిమిషాల్లో తళతళలాడుతూ వస్తుంది. మా నాయన పొలానికి తీసుకెళ్ళే కత్తి ఒకటుండేది, నిమ్మతోటలో కొమ్మలు కొట్టేది, టెంకాయ పీచు తీసేది దాంతోనే. ఈ పని నాకింకా రానప్పుడు దాన్ని ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకుంటే మొహం కనిపించేంత మెరుపు. ఇంటికొచ్చి చూస్తే పిడి పక్కన కమ్మరి కొట్టిన నక్షత్రం గుర్తు లేదు. వేలితో తడిమితే కూడా తెలియలేదు. పదును పెట్టాక మొన దగ్గర రెండంగుళాలు పదును నిలవడం మానేసింది, మిగతా అంచు బాగానే ఉంది. అక్కడ వేడెక్కిందని తర్వాత అర్థమైంది. ఆ షాపువాళ్ళ తప్పని కూడా అనను, వాళ్ళు గిన్నెలకు చేసే పనే చేశారు. ఆ కత్తి ఇప్పటికీ ఇంట్లో ఉంది, ఆ గుర్తు ఉన్నచోటికి వేలు పోతూనే ఉంటుంది.

మనసుకు పెద్ద అనుబంధం లేని స్టీలు కత్తి, మెరిస్తే చాలు అనుకుంటే ఇవ్వండి. అంచు వదిలి చెయ్యమని చెప్పి, పక్కన నిలబడి చేయించుకోండి.

అన్నీ ఒక్కచోట చూసుకోవాలనుకునేవాళ్ళకు:

| దారి | మొదటి ఖర్చు | ఆరంగుళాల అలుగుకు సమయం | వేడి భయం | మూలలు, గుర్తులు | ప్రమాదం |
|---|---|---|---|---|---|
| చేతి పేపర్ | రెండు మూడు వందలు | 3 నుంచి 6 గంటలు | లేదు | నిలుస్తాయి | తక్కువ, మొన దగ్గర జాగ్రత్త |
| రాళ్ళు | మంచివైతే వేలల్లో | చదును వాలుకైతే గంట, రెండు | లేదు | నిలుస్తాయి | తక్కువ |
| డ్రిల్ చక్రాలు | డ్రిల్ ఉంటే కొద్ది ఖర్చు | గంట, మళ్ళీ చేతిపని | ఉంది | అరుగుతాయి | ఎక్కువ |
| గ్రైండర్ | మధ్యస్థం | అరగంట, మళ్ళీ చేతిపని | చాలా ఎక్కువ | చెయ్యి కుదిరితేనే | చాలా ఎక్కువ |
| పాలిష్ షాపు | తక్కువ | పది నిమిషాలు | ఉంది | పోతాయి | మీకు లేదు, కత్తికి ఉంది |

## ఎంత నునుపు దాకా వెళ్ళాలి

దారి కంటే ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. ముందు మీ ఉక్కు ఏదో తేల్చుకోండి. అయస్కాంతం పట్టుకుంటే తుప్పు పట్టే ఉక్కు, పట్టకపోతే స్టీలు అని చాలామంది అనుకుంటారు, కత్తుల విషయంలో అది పనికిరాదు, కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ కూడా ఎక్కువగా అయస్కాంతానికి అంటుకుంటుంది. నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు వదిలెయ్యండి. నల్లబడితే మామూలు కార్బన్ ఉక్కు, లేకపోతే స్టెయిన్‌లెస్.

రోజూ వాడే కత్తికి 400 నంబరు గీతల మెరుపు చాలు. వాడుకలో పడే కొత్త గీతలు ఆ గీతల్లో కలిసిపోతాయి, ఆరు నెలలకోసారి 400 ముక్కతో ఇరవై లాగులు లాగితే మళ్ళీ కొత్తదే. 600 దాకా వెళ్తే ఇంకొంచెం చల్లని మెరుపు వస్తుంది, నాకూ ఇష్టమే. 800 నుంచి 1000 మధ్య ఆగడం మాత్రం నాకు నచ్చదు, అటు గీతల అందమూ ఉండదు, ఇటు అద్దమూ కాదు, చిన్న మరక కూడా దాగదు.

అద్దం మెరుపు కావాలంటే 600, 800, 1000, 1500, 2000 అన్నీ, ఒక్కటీ వదలకుండా, ప్రతిసారీ దిక్కు మారుస్తూ. ఆ తర్వాత ఆకుపచ్చ పాలిష్ కడ్డీ, అందులో ఉండేది క్రోమియం ఆక్సైడ్, గింజ అర మైక్రాన్‌కు దగ్గర్లో ఉంటుంది. గట్టి చెక్కకు తోలు అంటించి దాని మీద రాసి రుద్దితే చేత్తోనే వస్తుంది, చక్రం అక్కర్లేదు. ఇంకో నాలుగైదు గంటలు కేటాయించుకోండి. చూడ్డానికి దానికి సాటి లేదు, కానీ ఒక్కసారి స్టీలు పీచుతో తోమితే అంతా పోతుంది, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. బంగాళాదుంప ముక్కలు కూడా అద్దంలాంటి అలుగుకు ఎక్కువ అతుక్కుంటాయి. బహుమతికి, గోడకు పెట్టుకోవడానికి అద్దం; వంటింటికి వద్దు.

మనవైపు సముద్రపు గాలి ఒకటి ఉంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. గరుకు గీతల్లో తేమ నిలుస్తుంది కాబట్టి 120 దగ్గర వదిలేసిన కత్తి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, నునుపు పెరిగేకొద్దీ తుప్పు ఆలస్యమవుతుంది. అయితే 400కీ అద్దానికీ ఉన్న తేడా కంటే, కడగ్గానే తుడిచేవాడికీ సింకులో వదిలేసేవాడికీ ఉన్న తేడా చాలా పెద్దది.

కార్బన్ ఉక్కుకు ఇంకో దారి ఉంది, మెరుపు కాకుండా నలుపు. చేపల పులుసులోకి పుల్ల మామిడికాయ కోసే ఇంట్లో కార్బన్ కత్తి ఎలాగూ నల్లబడుతుంది, మచ్చలు మచ్చలుగా. దాన్నే వరసగా రానిస్తే అందంగా ఉంటుంది. 400 దాకా రుద్ది, జిడ్డు లేకుండా కడిగి, మామిడికాయ చెక్కతో గానీ చిక్కటి చింతపండు గుజ్జుతో గానీ రెండు పక్కలా సమంగా పట్టించి, పావుగంట ఆగి కడగండి. నాలుగైదుసార్లు చేస్తే మబ్బు రంగు పొర కడుతుంది. ఎర్ర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది, పూర్తిగా ఆపదు. కింద మిగిలిన గీతలు దీంట్లో ఇంకా బాగా బయటపడతాయి, నలుపు కదా కప్పేస్తుంది అనుకోవద్దు. స్టెయిన్‌లెస్‌కు ఇది పట్టదు.

## మీరు ఎవరో చూసుకోండి

ఫ్లాటులో ఉండి, పిల్లలు పడుకున్నాక రాత్రి గంట దొరికేవాళ్ళు వేరే ఆలోచన పెట్టుకోకుండా చేతి పేపర్ కొనుక్కోండి. శబ్దం లేదు, ఎప్పుడైనా ఆపొచ్చు, రేపు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. చదువుకునే కుర్రాళ్ళకూ ఇదే, మూడొందలకు మించదు.

లారీ కట్టతో మొదటినుంచి కత్తి చేసుకునేవాళ్ళు గట్టిపరచకముందు గ్రైండర్‌తో ఆకారం, చదును తెచ్చుకోండి, వీలైతే అప్పుడే చేత్తో 220 దాకా వెళ్ళండి. మెత్తగా ఉన్నప్పుడు రుద్దిన గంట గట్టిపడ్డాక రెండు మూడు గంటలతో సమానం. కాల్చాక పడే నల్ల పొరను 220తో తీసి, అక్కడినుంచి 400. పిడికి ఉదయగిరిలో చెంచాలు చేసేవాళ్ళు వాడే నర్ది కర్ర ముక్క దొరికితే వదలకండి, సన్నటి పొర ఉన్న కర్ర అది. కానీ పిడి బిగించకముందే అలుగు పని పూర్తి చెయ్యాలి, బిగించాక ఆ మూలలోకి పేపర్ పోదు.

ఇంట్లో ఉన్న చవక స్టీలు కత్తులు ఆరూ మెరిపిద్దామనుకునేవాళ్ళకు నేను వద్దనే చెప్తాను. వాటిలో ఒకదాన్ని తీసుకుని చెయ్యి అలవాటు చేసుకోండి, మిగిలినవాటికి మంచి పదును పెట్టుకుంటే వంటింట్లో తేడా కనిపించేది దానికే.

తాతలనాటి కత్తి ఉన్నవాళ్ళు అందరికంటే తక్కువ పని చెయ్యాలి. 120 ముట్టుకోకండి. కిరోసిన్ వేసి ఒక రాత్రి వదిలి, 600 ముక్కతో వేలి కింద మెల్లగా, ఎర్ర తుప్పు పోయేదాకా మాత్రమే. కింద కనిపించే నల్ల మచ్చలు అక్కడే ఉండనివ్వండి, సుత్తి దెబ్బలూ కమ్మరి గుర్తూ ఉండనివ్వండి. రుద్దేముందు ఆ గుర్తు మీద టేపు ముక్క వెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకసారి చూపించి అడగండి, ఆ కత్తి గురించి వాళ్ళకు తెలిసింది మనకు తెలియదు.

అద్దమే కావాలని మనసు పట్టినవాళ్ళు మూడో కత్తి దాకా ఆగండి. అప్పటికి 120 దగ్గర ఎప్పుడు ఆపాలో చేతికి తెలుస్తుంది. కణుపుల నొప్పులున్నవాళ్ళు రోజుకు ఇరవై నిమిషాలే పెట్టుకోండి, పట్టీకి రెండు పక్కలా గుడ్డ చుట్టుకుంటే వేళ్ళ మీద భారం తగ్గుతుంది.

ఏ దారిలో పోయినా చివర్లో వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వంటింటి కత్తికైతే కొబ్బరినూనె రెండు చుక్కలు, పొలం కత్తికైతే మిషన్ నూనె. వానాకాలం తోలు ఒరలో పెట్టి వదిలెయ్యకండి, తోలు తేమ పీల్చి అలుగుకు అంటిస్తుంది. పని మొదలుపెట్టే ముందు కింద పాత దినపత్రికలు నాలుగు పొరలు పరుచుకోండి, రుద్దేటప్పుడు కారే బూడిదరంగు నీళ్ళలో అంతా ఇనుప పొడే, సిమెంటు గచ్చు మీద ఒక్క రాత్రి ఉంటే తెల్లారేసరికి తుప్పు మరక. మా వరండాలో అలాంటిది ఒకటి పడి మూడేళ్ళయింది, ఇప్పటికీ పోలేదు.